పిల్లల ఒంట్లో సీసం: ఇంటి పరిశీలన, రక్తపరీక్ష, చికిత్స ఏ వరుసలో జరగాలి

బిడ్డ రక్తంలో సీసం ఉందని రిపోర్టు చేతికి రాగానే తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న, ఏ మందు వాడాలని. చాలామంది పిల్లలకు మందు అవసరం లేదు. సీసం ఏ దారిన ఒంట్లోకి వస్తోందో కనిపెట్టి, ఆ దారిని మూసివేయడమే వారికి అసలు చికిత్స. మందు తప్పనిసరైన కొద్దిమందికి కూడా ఈ పని ముందుగా జరిగితేనే ఆ మందు ఫలితం నిలుస్తుంది. ఈ మార్గదర్శిలోని పనులన్నీ ఆ వరుసలోనే ఉన్నాయి. రిపోర్టు లేనివారు మొదటి మెట్టు నుంచి, రిపోర్టు వచ్చినవారు నాలుగో మెట్టు నుంచి మొదలుపెట్టి, తరువాత వెనక్కి వచ్చి రెండో మెట్టు పూర్తి చేయండి.

1. ముందుగా తెలిసి ఉండవలసినవి

నోటి ద్వారా లోపలికి వెళ్లిన సీసాన్ని పెద్దల కంటే పిల్లల శరీరం 4 నుంచి 5 రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పైగా పాకే వయసు పిల్లలు నేలను తాకిన చేతినే నోట్లో పెట్టుకుంటారు. అందుకే ఆరేళ్లలోపు పిల్లలకు, ముఖ్యంగా తొమ్మిది నెలల నుంచి మూడేళ్ల మధ్య ఉన్నవారికి ప్రమాదం ఎక్కువ. తల్లి ఒంట్లోని సీసం మాయ గుండా కడుపులోని బిడ్డకూ చేరుతుంది.

శరీరం సీసాన్ని కాల్షియంగా పొరబడుతుంది. నాడీకణాలు ఒకదానికొకటి సంకేతాలు అందించుకోవడానికి, కొత్త అనుసంధానాలు ఏర్పడటానికి కాల్షియం అవసరం. ఆ చోటును సీసం ఆక్రమించడం వల్ల ఏకాగ్రత, జ్ఞాపకశక్తి, కోపాన్ని అదుపు చేసుకునే శక్తి దెబ్బతింటాయి. రక్తంలో హిమోగ్లోబిన్ తయారీని కూడా సీసం అడ్డుకుంటుంది.

తక్కువ మోతాదులో బయటికి ఏ లక్షణమూ కనిపించదు. వివిధ దేశాలకు చెందిన ఏడు బృందాల్లోని 1,333 మంది పిల్లల వివరాలను కలిపి 2005లో ప్రచురించిన విశ్లేషణలో, రక్తంలో సీసం డెసిలీటరుకు (లీటరులో పదో వంతుకు) 2.4 నుంచి 10 మైక్రోగ్రాములకు పెరిగేసరికి తెలివితేటల సూచిక సగటున 3.9 పాయింట్లు తగ్గినట్లు తేలింది. తొలి కొద్ది మైక్రోగ్రాముల దగ్గరే నష్టం వేగంగా జరుగుతోందని కూడా అదే విశ్లేషణ చూపింది. కాబట్టి "కొంచెమే కదా" అనే మాటకు ఇక్కడ చోటు లేదు. సురక్షితమైన స్థాయి అంటూ ఏదీ లేదు.

2. ఇంటిని పరిశీలించడం

ఒక నోటుపుస్తకం, మంచి టార్చిలైటు తీసుకొని, నేల మీద కూర్చుని పిల్లవాడి కంటి ఎత్తు నుంచి ఇంటిని చూడండి. నిలబడి చూస్తే కిటికీ గూటిలో రాలిన రంగు పెచ్చులు, గేటు కడ్డీ మీద పంటిగాట్లు, మంచం కింద పేరుకున్న దుమ్ము కంటబడవు. అనుమానం కలిగిన ప్రతి వస్తువునూ రాసుకోండి. ఏదీ అప్పుడే పారేయకండి, పరీక్షకు అవసరం పడవచ్చు.

2.1 ఇంట్లోవారి వృత్తి

నా అభిప్రాయంలో పరిశీలన ఇక్కడే మొదలవ్వాలి. ప్రపంచంలో వాడే సీసంలో అత్యధిక భాగం బ్యాటరీల్లోకే వెళుతుంది. ఆటో, ఇన్వర్టర్, ట్రాక్టర్ బ్యాటరీలను విప్పి ప్లేట్లు మార్చేవారు, పాత సామాను కొనేవారు, రేడియేటర్లు అతికేవారు, టీవీలు, సెల్‌ఫోన్లు మరమ్మతు చేస్తూ సోల్డరింగ్ చేసేవారు, పాత రంగు గీకే పెయింటర్లు తమకు తెలియకుండానే సీసపు దుమ్మును ఇంటికి తెస్తారు. ఆ దుమ్ము చొక్కా జేబు కుట్లలో, సెల్‌ఫోన్ కవరులో, బండి సీటు మీద, జుట్టులో ఉంటుంది. గుమ్మంలోనే బిడ్డను ఎత్తుకుంటే అది నేరుగా బిడ్డ చెంపకూ వేళ్లకూ అంటుకుంటుంది.

తీరప్రాంతాల్లో విసురు వలల అంచుకు సీసపు గుళ్లు కడతారు. కొందరు పాత బ్యాటరీ ప్లేట్లను ఇంటి వెనుక మూకుడులో కరిగించి వీటిని స్వయంగా పోసుకుంటారు. ఆ పొగ, పొయ్యి చుట్టూ పడిన బూడిద రెండూ ప్రమాదకరమే. వల బాగుచేస్తున్నప్పుడు పక్కన కూర్చున్న పిల్లలు గుండును నోట్లో వేసుకోవడం, మింగేయడం కూడా జరుగుతాయి.

2.2 రంగులు, దుమ్ము, మట్టి

ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎంకు (పది లక్షల వంతుల్లో 90 వంతులకు) మించరాదన్న నిబంధనలు మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు తలుపులకు, కిటికీ గ్రిల్స్‌కు, ఉయ్యాలకు, ఇనుప మంచానికి వేసిన ఆయిల్ ఎనామెల్ రంగులను, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగులను అనుమానించాలి. రంగు గట్టిగా అంటుకొని ఉంటే భయం తక్కువ. పెచ్చులూడుతున్నదీ, తలుపు మూసి తీసినప్పుడు రాపిడికి పొడి రాలుతున్నదీ ముఖ్యం.

ఇంటి దగ్గర బ్యాటరీ కరిగించే బట్టీ, పాత సామాను గోదాము, లోహపు పరిశ్రమ ఉన్నాయేమో చూడండి. హైదరాబాదు శివార్లలోని కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిలో సీసం అధికంగా ఉందని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు ఏనాడో గుర్తించారు. మట్టి, సున్నం, బలపాలు తినే అలవాటున్న పిల్లలకు ఇలాంటి చోట్ల రెట్టింపు జాగ్రత్త అవసరం.

2.3 వంటగది

పసుపు కొమ్ములకు మెరుపు తేవడానికి పాలిషింగ్ దశలో లెడ్ క్రోమేట్ అనే పసుపుపచ్చ రసాయనాన్ని కలిపే మోసం దక్షిణాసియాలో చాలాచోట్ల బయటపడింది. బంగ్లాదేశ్‌లో 2019 తరువాత కఠినంగా తనిఖీలు చేయడంతో ఈ కల్తీ దాదాపు పోయింది. పసుపులో సీసానికి మన ఆహార భద్రతా నిబంధనల పరిమితి 10 పీపీఎం. కొమ్మును గ్లాసు నీటిలో వేయగానే రంగు దిగిపోతే కల్తీ అని అనుమానించవచ్చు. కానీ రంగు దిగనంత మాత్రాన అది మంచిదని రుజువు కాదు. దుగ్గిరాల, నిజామాబాద్ వంటి మార్కెట్లు దగ్గరున్నవారు పాలిష్ చేయని, మందకొడి రంగు కొమ్ములు కొని మరపట్టించుకోవడం మేలు.

పాత్రల్లో మూడింటిని వేరుగా పెట్టండి. చారు కాచే తగరపు గిన్నెలో తగరానికి బదులు చవకైన సీసం కలిసి ఉండవచ్చు. ఇత్తడి గిన్నెకు పూసిన కళాయిలోనూ అదే సమస్య రావచ్చు. తుక్కు కరిగించి పోసిన అల్యూమినియం, ఇండాలియం పాత్రల నుంచి వంటలోకి సీసం దిగుతోందని అమెరికాలో పరీక్షలు చూపించాయి. చింతపండు, టమాటా, నిమ్మరసం పడే వంటల్లో ఇది మరింత ఎక్కువ. స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెకు మారడమే తేలికైన మార్గం.

2.4 నాటు మందులు, అలంకరణ, పూజాసామగ్రి

నాగభస్మం అంటే సీసపు భస్మమే. ఏ మందు పొట్లం మీదనైనా ఆ పేరుంటే, లేక ఏముందో చెప్పకుండా ఇచ్చిన పొడి ఏదైనా ఉంటే, పిల్లలకు ఆపేసి డాక్టరుకు చూపించండి.

సుర్మా రాయిలో ఉండేది చాలావరకు సీసపు సల్ఫైడే. ఆముదం దీపపు మసితో ఇంట్లో చేసుకునే కాటుక వేరు, సుర్మా వేరు. ఆంజనేయస్వామికి పూసే నారింజ రంగు సిందూరంలో కొన్ని రకాలు సీసపు ఆక్సైడుతో తయారవుతాయి. పెద్దలు నుదుట పెట్టుకోవడం ఒక ఎత్తయితే, పాకే పిల్లల చేతికి ఆ పొడి అందడం మరో ఎత్తు. మెడలో, మొలతాడుకు కట్టిన తాయెత్తును బిడ్డ చప్పరిస్తోందా అన్నది కూడా గమనించండి. చవకైన లోహపు రేకుల్లో, బొమ్మ నగల్లో సీసం ఉండవచ్చు. ఆటబొమ్మలకు 2021 జనవరి నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. ఆ గుర్తు లేని, రంగు ఊడుతున్న బొమ్మలను పక్కన పెట్టండి.

2.5 నీరు

మన ప్రాంతంలో నీటి వాటా సాధారణంగా తక్కువే. తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించరాదు. రాత్రంతా గొట్టంలో నిలిచిన నీటిని ఉదయం కాసేపు వదిలేసి పట్టుకోండి. కాచితే సీసం పోదు, నీరు ఆవిరై దాని సాంద్రత పెరుగుతుంది.

3. రక్తపరీక్ష చేయించడం

పై జాబితాలో ఒక్కటైనా మీ ఇంటికి వర్తిస్తే, లేక మాటలు ఆలస్యమైన, కారణం తెలియని రక్తహీనత ఉన్న, మట్టి తినే పిల్లవాడు ఇంట్లో ఉంటే, పిల్లల వైద్యుని సలహాతో పరీక్ష చేయించండి. నగరాల్లోని పెద్ద డయాగ్నస్టిక్ కేంద్రాలు నమూనా తీసుకొని తమ ప్రధాన ప్రయోగశాలకు పంపుతాయి.

నమూనా ఇచ్చేటప్పుడు ఇవి సరిచూసుకోండి:

- చీటీలో బ్లడ్ లెడ్ అని స్పష్టంగా ఉండాలి, పరీక్ష పూర్తి రక్తంతోనే జరగాలి. రక్తంలోని సీసం దాదాపు అంతా ఎర్ర రక్తకణాల్లోనే ఉంటుంది కనుక సీరంతో, అంటే కణాలు తీసేశాక మిగిలే ద్రవంతో, చేసిన పరీక్ష పనికిరాదు.
- ప్రయోగశాలకు ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలల నాణ్యతను గుర్తించే జాతీయ మండలి) గుర్తింపు ఉందా, ఐసీపీ-ఎంఎస్ వంటి కచ్చితమైన పద్ధతి వాడుతున్నారా అని అడగాలి.
- వేలిపొడుపుతో చేసే పరీక్షకు ముందు చేతిని సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. చర్మం మీది దుమ్ము వల్ల అంకె తప్పుగా పెరుగుతుంది, అందుకే ఎక్కువగా వస్తే సిర నుంచి తీసిన రక్తంతో నిర్ధారించుకోవాలి.
- అదే రోజు హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్షలు కూడా చేయించాలి.

వెంట్రుకల పరీక్షకు, ఏదో మందు మింగించి చేసే మూత్రపరీక్షకు డబ్బు పెట్టకండి. వాటిని బట్టి చికిత్స నిర్ణయించరు.

4. రిపోర్టు చదివి అడుగు వేయడం

ముందు కొలమానం చూడండి. ఇక్కడి అంకెలన్నీ డెసిలీటరుకు మైక్రోగ్రాముల్లో ఉన్నాయి. రిపోర్టులో లీటరుకు మైక్రోగ్రాములని ఉంటే పదితో భాగించాలి. 62 అని చూసి ఆసుపత్రికి పరుగెత్తవలసినదీ, 6.2 అని తెలుసుకొని ఇల్లు వెతకవలసినదీ ఈ ఒక్క కొలమానంతోనే తేలుతుంది.

- 3.5 లోపు: మూలాలు తొలగించే పనులు, ఆహార జాగ్రత్తలు పాటించాలి. ఇంట్లో సీసపు వృత్తి ఉంటే మళ్లీ పరీక్ష ఎప్పుడన్నది వైద్యునితో మాట్లాడాలి.
- 3.5 నుంచి 9: అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021 నుంచి 3.5ను హెచ్చరిక గీతగా తీసుకుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 దాటితే మూలాన్ని వెతకాలంటోంది. మూలం కనిపెట్టి తొలగించి, మూడు నెలల్లో మళ్లీ పరీక్షించాలి.
- 10 నుంచి 19: నెల లోపు నిర్ధారించుకోవాలి. ఇంట్లోని మిగతా పిల్లలకు, గర్భిణి ఉంటే ఆమెకు కూడా పరీక్ష చేయించాలి.
- 20 నుంచి 44: రెండు వారాల లోపు నిర్ధారణ, వైద్యుని పూర్తి పరీక్ష అవసరం. మట్టి, పెచ్చులు మింగినట్లు అనుమానముంటే పొట్ట ఎక్స్‌రే తీస్తారు.
- 45, ఆపైన: 48 గంటల లోపు నిర్ధారణ, పెద్ద ఆసుపత్రిలో చికిత్స.

అంకె ఎంతైనా సరే, మూర్ఛ, ఆగని వాంతులు, మత్తుగా పడి ఉండటం, నడకలో తూలడం కనిపిస్తే, లేదా సీసపు గుండు మింగితే, మళ్లీ పరీక్ష కోసం ఎదురుచూడక వెంటనే 108కు ఫోన్ చేయండి.

5. మూలాన్ని తొలగించడం, శుభ్రం చేయడం

ఇందులో వరుస ముఖ్యం. ముందు కొత్త సీసం రావడం ఆపాలి, ఆ తరువాతే ఉన్న దుమ్మును తీయాలి. వృత్తి కొనసాగుతుండగా నేల ఎంత తుడిచినా సాయంత్రానికి మళ్లీ అదే పరిస్థితి వస్తుంది.

5.1 పని బట్టలు

పని బట్టలు, చెప్పులు పనిచోటే వదిలి, స్నానం చేసి, వేరే బట్టలతో ఇంటికి రావడం ఉత్తమం. అది వీలుకాకపోతే ఇంటి బయటే బట్టలు మార్చి, స్నానం అయ్యాకే పిల్లలను ఎత్తుకోండి. ఆ బట్టలను దులపకుండా సంచిలో పెట్టి, మిగతా బట్టలతో కలపకుండా ఉతకాలి. ఇంటి దగ్గర బ్యాటరీ విప్పడం, సీసం కరిగించడం పూర్తిగా మానేయాలి.

5.2 నేల, కిటికీలు

1. పిల్లలను, గర్భిణులను మరో ఇంటికి పంపండి.
2. పెద్ద పెచ్చులను తడిపి, చేతితొడుగు వేసుకొని ఏరి, మందపాటి కవరులో మూట కట్టండి.
3. కిటికీ గూళ్లు, గుమ్మాలు, తరువాత నేల, ఈ క్రమంలో సబ్బునీటి తడిగుడ్డతో తుడవండి.
4. గుడ్డను ముంచడానికి ఒక బకెట్టు, పిండడానికి మరొకటి పెట్టుకోండి. మురికి నీటిని మరుగుదొడ్డిలో పోయండి, పెరట్లో వద్దు.
5. చివరగా మంచినీటితో మరోసారి తుడిచి, ఆరాకే పిల్లలను లోపలికి రానివ్వండి. తరువాత వారానికి రెండుసార్లయినా తడిగుడ్డ పెట్టండి.

పెచ్చులూడే రంగును ఎమరీ పేపరుతో పొడిగా రుద్దించకండి, మంటతో కాల్చి తీయించకండి. పండగకు ముందు రంగులు వేయించే ఇళ్లలో ఈ పొరపాటు తరచూ జరుగుతుంది. తడుపుతూ గీకడం, కింద ప్లాస్టిక్ పట్టా పరవడం, పైన కొత్త రంగుతో మూయడం, పని అయ్యేదాకా పిల్లలను దూరంగా ఉంచడం మేస్త్రీతో ముందే మాట్లాడుకోవలసిన షరతులు. ఉత్త మట్టి ఉన్న ఆటస్థలంలో మంచి మట్టి పోసి గడ్డి వేయించడమో, బండలు పరిపించడమో చేయండి.

6. ఆహారం

ఖాళీ కడుపుతోనూ, ఇనుము, కాల్షియం తక్కువైన ఒంట్లోనూ సీసం మరింతగా ఇంకుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం మన దేశంలో 6 నుంచి 59 నెలల పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి ఈ మెట్టును తేలికగా తీసుకోకూడదు.

- బిడ్డ ఉదయం ఆకలితో ఆడుకోవడానికి వెళ్లకుండా ముందే ఏదైనా పెట్టండి.
- రాగి జావ, పాలు, పెరుగు, నువ్వుల ఉండలు కాల్షియం ఇస్తాయి.
- తోటకూర పప్పు, గుడ్డు, చేప, మాంసం ఇనుము ఇస్తాయి. అన్నంలో కాస్త నిమ్మరసం, తరువాత జామపండు ఇస్తే ఆ ఇనుము బాగా ఒంటబడుతుంది.
- తినే ముందు, నిద్రకు ముందు చేతులు సబ్బుతో కడగాలి.

అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు ఇచ్చే ఇనుము సిరప్‌ను పరీక్ష ఫలితం చూసి, వైద్యుడు చెప్పిన మోతాదులో వాడండి. సీసాన్ని కడిగేస్తుందంటూ అమ్మే పొడులు, టానిక్కులు వద్దు.

7. మందులు ఎప్పుడు

ఒంట్లోని సీసాన్ని పట్టి మూత్రం ద్వారా బయటికి పంపే చికిత్సను కీలేషన్ అంటారు. పదేళ్లలోపు పిల్లల్లో 45, ఆపైన ఉన్నప్పుడు నోటి ద్వారా ఇచ్చే సక్సిమర్ వంటి మందును ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. మెదడు వాపు లక్షణాలుంటే ఆసుపత్రిలో ఇంజెక్షన్లతో చికిత్స చేస్తారు.

20 నుంచి 44 మధ్య ఉన్న పిల్లలకు సక్సిమర్ ఇచ్చి చూసిన అమెరికా అధ్యయనం 2001లో వెలువడింది. మందు వల్ల రక్తంలో సీసం తగ్గింది, కానీ తెలివితేటల పరీక్షల్లో మెరుగుదల రాలేదు. అందుకే ఈ స్థాయిలో మందు కోసం పట్టుబట్టకండి. ఎక్కువ స్థాయిలో కీలేషన్ పూర్తయిన బిడ్డను కూడా శుభ్రం చేయని ఇంటికి తీసుకురాకూడదు.

8. మెదడు ఎదుగుదలను గమనించడం

జరిగిన నష్టాన్ని మందు పూర్తిగా సరిదిద్దలేదు. కానీ బిడ్డకు అందే భాష, ఆట, శ్రద్ధ ఎదుగుదలకు నిజంగా తోడ్పడతాయి. మాటలు, చూపు నిలపడం, వినికిడి, నడక ఎలా ఉన్నాయో నెలకోసారి రాసి పెట్టుకోండి. తేడా అనిపిస్తే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో నడిచే సత్వర చికిత్సా కేంద్రంలో పరీక్ష, స్పీచ్ థెరపీ కోసం అడగండి. స్కూలుకు వెళ్లే బిడ్డయితే రిపోర్టు ప్రతిని టీచరుకు ఇచ్చి, బిడ్డ ముందు వరుసలో కూర్చునేలా, సూచనలు ఒక్కొక్కటిగా ఇచ్చేలా కోరండి. ప్రభావం మూడో, నాలుగో తరగతిలో చదువు బరువు పెరిగినప్పుడు బయటపడవచ్చు కనుక, రక్తంలో అంకె తగ్గినా ఈ గమనింపును ఆపకండి.

9. తరచూ జరిగే పొరపాట్లు

ఒక మూలం దొరకగానే వెతకడం ఆపేయడం: పసుపు మార్చి, తండ్రి పని బట్టలను వదిలేస్తే అంకె తగ్గదు. జాబితా మొత్తం పూర్తి చేయాలి.

చీపురుతో గట్టిగా ఊడ్చి దుమ్ము లేపడం: తడిగుడ్డకు మారాలి.

రెండు వారాలకే మళ్లీ పరీక్షించి నిరాశపడటం: రక్తంలోని సీసం సగానికి తగ్గడానికి సుమారు నెల పడుతుంది, ఎముకల్లో ఉన్నది ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా రక్తంలోకి వస్తూనే ఉంటుంది. తగ్గుదల ఆగిపోయినా, తిరిగి పెరిగినా మూలం ఇంకా మిగిలి ఉందేమో వెతకాలి.

ఊరంతటికీ ఒకేసారి వచ్చిన జబ్బును సీసానికే అంటగట్టడం: 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛతో పడిపోయినప్పుడు రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనబడ్డాయి, తరువాతి పరీక్షలు పురుగుమందుల వైపు చూపాయి. ఇలాంటప్పుడు నీరు, ఆహారం, రక్తం మూడింటి నమూనాలూ అధికారులకు అందాలి.

10. ఇంటి బయటి మూలం, విదేశాల్లో ఉన్నవారు

పక్కనే అనుమతి లేని బ్యాటరీ బట్టీ ఉంటే ఫోటోలు, తేదీలు, పిల్లల రిపోర్టుల ప్రతులతో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి, కలెక్టరుకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి. నాలుగైదు ఇళ్లవారు కలిసి సంతకం చేస్తే మరింత బలం ఉంటుంది. పసుపు మీద అనుమానముంటే, ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొనుగోలుదారే రుసుము చెల్లించి నమూనాను విశ్లేషణ చేయించుకోవచ్చు. బిల్లు, తెరవని ప్యాకెట్టు దాచి ఉంచండి.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలు 1978కి ముందు కట్టిన ఇంట్లో అద్దెకు దిగేటప్పుడు సీసపు రంగు గురించిన పత్రాన్ని యజమాని దగ్గర అడిగి తీసుకోవాలి. ఏడాది, రెండేళ్ల వయసులో బిడ్డను చూసే డాక్టరు ఇంటి గురించి అడిగితే, ఊరినుంచి తెచ్చుకున్న పసుపు, ఇండాలియం గిన్నెలు, తగరపు గిన్నె, సుర్మా, భస్మాల సంగతి కూడా చెప్పండి. అక్కడి ప్రశ్నపత్రంలో ఇవన్నీ ఉండకపోవచ్చు, కాబట్టి మీరే జాబితా రాసి తీసుకెళ్లడం మంచిది.